గోడే మనిషి దగ్గరికి వచ్చే ఊరు

ఫిలడెల్ఫియాలో 30వ వీధి స్టేషన్‌లో రైలు దిగి దక్షిణంగా కాస్త నడిచాం. ‘ఫైండింగ్ ద లైట్ వితిన్’ కనబడింది. ఆత్మహత్య వల్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవారూ, తామే ఆ అంచుదాకా వెళ్లొచ్చినవారూ చిత్రకారుడు జేమ్స్ బర్న్స్‌తో కలిసి 2012లో పూర్తిచేసిన గోడచిత్రం. చూస్తే ఎవరో పరంజా ఎక్కి వేశారనుకుంటాం. కానీ ఈ ఊళ్లో చాలా చిత్రాలు ముందు బల్లమీద పుట్టి, తర్వాత గోడెక్కినవే.

వీటిని వేయించే మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ 1984లో, గోడలమీద పిచ్చిరాతలు ఆపే నగరపాలక కార్యక్రమంలో భాగంగా మొదలైంది. దాని పోర్చ్ లైట్ విభాగం నగర మానసిక ఆరోగ్య శాఖతో కలిసి నడుస్తుంది. బొమ్మను గోడకు బదులు ముందు బట్టమీద వేస్తారు. ఆ బట్టను పారాచూట్ క్లాత్ అంటారు. పేరే అంత, నిజానికి అది నేయని పలచటి పాలియెస్టర్. 5 అడుగుల చదరాలుగా కోసి, బొమ్మ గీతలు దించి, ప్రతి గడిలో రంగు నంబరు రాస్తారు. కుంచె ఎన్నడూ పట్టనివారైనా నంబరు చూసి నింపగలరు. చక్రాల కుర్చీలో ఉన్నా సరే, వ్యసనం మానే చికిత్సలో ఉన్నా సరే. గ్రేటర్‌ఫోర్డ్ జైలు ఖైదీలూ ఇలాగే వేశారు. పరంజా ఎక్కలేనివారి దగ్గరికి గోడే వస్తుందన్నమాట. సోషల్ వర్కర్ కూర్చోవాల్సింది ఆ బల్ల దగ్గరే. తలొంచుకుని రంగు నింపుతూ మాట్లాడినంత తేలిగ్గా కౌన్సెలింగ్ గదిలో ఎవరూ మాట్లాడరు.

చిక్కంతా అతికించడంలో. గోడ కడిగి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. గోడకూ బట్ట వెనకా జిగురులా అంటించే అక్రిలిక్ జెల్ పూసి, మధ్య నుంచి అంచులకు గాలి నెట్టేయాలి. బుడగ మిగిలిన చోట బట్ట లేస్తుంది. లోపల చెమ్మ ఉంటే చదరానికి చదరమే ఊడుతుంది. ఇక్కడ చాలావరకు వరుస ఇళ్ల మధ్యగోడలు. పక్కిల్లు కూల్చాక బయటపడ్డవి, వానకు ఆగేలా కట్టినవి కావు. అందుకే ముందు సిమెంటు పూత. 10 డిగ్రీల కంటే చలిగా ఉంటే జెల్ సరిగా పట్టదు. చలికాలంలో బల్లపని, ఎండలొచ్చాక గోడపని.

చిత్రాలు వచ్చిన పేటల్లో ఇరుగుపొరుగు నమ్మకం పెరిగిందనీ, మానసిక రోగులపై చిన్నచూపు తగ్గిందనీ 2015లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. రంగు ఆరగానే సోషల్ వర్కర్ కూడా వెళ్లిపోతే మాత్రం మిగిలేది అలంకారమే.

ఊళ్లోని కెన్సింగ్టన్ పేట వైపు, ఎత్తు వంతెనమీద నడిచే ఎల్ రైలెక్కితే కిటికీలోంచే ఇలాంటి గోడలు కనిపిస్తాయి. ఒక్కటే ప్రమాదం: ఎదుటి ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తే చిత్రం దాని వెనక్కి పోతుంది. గోడ యజమాని సంతకం తీసుకున్నరోజే ఆ స్థలం ఎవరిదో కూడా కనుక్కోవాలి.