కొలను మనదే, గచ్చు మాత్రం వాళ్ళది

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ చుట్టుపక్కల పాత ఇల్లు కొన్నవాళ్ళకు పెరట్లో ఈతకొలను దొరకడం వింతేమీ కాదు. ఛాండ్లర్‌లో మేము కొన్న ఇల్లు 1980లలో కట్టినది. దాని ధర మాకు అందుబాటులోకి రావడానికి అసలు కారణం ఆ కొలనే. అడుగున గచ్చు పెచ్చులుపెచ్చులుగా లేచిపోయింది. నీటి అంచున ఉన్న పలకలకు సున్నం పట్టి అసలు రంగేదో తెలియడం లేదు. మోటారు వేస్తే పక్కింటి కుక్క మొరిగేది. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు వంటగది దాకా మెచ్చుకుని, వెనక తలుపు తీయగానే మాట మార్చేవారని ఏజెంటే చెప్పాడు.

ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ. వాటిలో కొంత భాగం కొలరాడో నది నుంచి 336 మైళ్ళ కాలువ వెంట ఎడారి దాటి వస్తుంది. ఎండకు ఆవిరయ్యేది నీరు ఒక్కటే, సున్నం ఎక్కడిదక్కడే పేరుకుంటుంది. ఆ ఎండ కూడా మామూలుది కాదు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43కు, తగ్గలేదు.

పాత కొలనుకు రెండే దారులు. అడుగున కన్నాలు కొట్టి మట్టితో పూడ్చేయడం, లేదా బాగుచేయించడం. మిత్రులందరూ పూడ్చేయమన్నారు. హెచ్ వన్ బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఈతకొలను ఎందుకని వాళ్ళ ప్రశ్న. అందులో న్యాయం ఉంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ మన పేరున దరఖాస్తు పెట్టాలి, లేకపోతే ఏదో ఒక దారి చూసుకుని పెట్టె సర్దుకోవాలి. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. కానీ ఆ వరుస కదిలాకే ఇంటికి మేకు కొట్టాలనుకుంటే పిల్లలు కాలేజీకి వెళ్ళిపోతారు. పైగా పూడ్చడానికీ ఖర్చే, అమ్మేటప్పుడు పూడ్చిన సంగతి కొనేవాడికి చెప్పాల్సిందే.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, ఓ మోస్తరు కారు ధర చెప్పి వెళ్ళాడు. ఆ కాగితాన్ని విడదీసి చూస్తే అందులో పెద్ద భాగం పగలగొట్టడానికీ, పలకలు అంటించడానికీ, పంపు మార్చడానికీ అయ్యే కూలి. ఆ పనులు నేను చేసుకోదగ్గవే అనిపించింది.

ముందు నీళ్ళు తోడాలి. ఇది వేసవిలో చేసే పని కాదు, ఖాళీ కొలను ఎండకు బీటలు వారుతుంది. వీధిలోకి వదలడానికీ వీల్లేదు. ఇంటి ముందున్న మురుగు గొట్టం మూత తీసి, అందులోకి నెమ్మదిగా వదలాలి. చలికాలానికి నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆయన కూకట్‌పల్లిలో తమ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా చేసి, ప్రతి ఎండాకాలం ట్యాంకర్ల లెక్కలు రాసిన మనిషి. పొడవు 32 అడుగులు, వెడల్పు 16, సగటు లోతు 5. వాటిని గుణించి, ఘనపుటడుగుకు ఏడున్నర గ్యాలన్ల చొప్పున వేస్తే 19,200 గ్యాలన్లు. ఆయన దాన్ని లీటర్లలోకి మార్చి, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో భాగించి, "పద్నాలుగున్నర ట్యాంకర్లురా" అని కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ పూట నాతో మాట్లాడలేదు. క్లోరిన్ బిళ్ళలతో పాటు నీళ్ళలో చేరే సయన్యూరిక్ ఆమ్లం ఏళ్ళ తరబడి పేరుకుపోతుందనీ, మోతాదు మించితే క్లోరిన్ పనిచేయదనీ, నీళ్ళు మార్చడం తప్ప తేలికైన దారి లేదనీ మర్నాడు వివరించాను. విన్నారు. ఒప్పుకున్నారని మాత్రం చెప్పలేను.

అయినా కొలను ఎండగానే మొదట దిగింది ఆయనే. చిన్న సుత్తి తీసుకుని, సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టు గోడ పొడవునా తట్టుకుంటూ వెళ్ళారు. గట్టిగా ఉన్నచోట కంగుమంటుంది, గచ్చు వదిలినచోట డొల్లగా పలుకుతుంది. డొల్లగా ఉన్నచోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టారు. సాయంత్రానికి అడుగంతా సున్నాలే. పైపైన అతుకులు వేసి గడుపుకుందామన్న నా ఆశ అక్కడితో తీరింది.

అద్దెకు తెచ్చిన కరెంటు సమ్మెటతో పని మొదలైంది. గచ్చు మందం అరంగుళం కూడా ఉండదు, తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపి వేసిన పూత. దాని కింద కడ్డీల అల్లిక మీద గొట్టంతో చిమ్మి కట్టిన గునైట్ గోడ. గాలి ఒత్తిడితో పొడి సిమెంటు, ఇసుక వస్తుంటే గొట్టం మూతి దగ్గర నీరు కలుస్తుంది. ఈ యంత్రానికి 1911లో పేటెంటు పొందిన కార్ల్ ఏక్‌లీ ఇంజినీరు కాదు. మ్యూజియాల కోసం చనిపోయిన జంతువుల చర్మాలకు రూపం పోసే మనిషి. ఏ పని ఎవరి చేతిలో పుడుతుందో చెప్పలేం. ఆ గోడ నలభై ఏళ్ళకూ చెక్కుచెదరలేదు. దుమ్ము మాత్రం ప్రమాదం, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. గోడ తడుపుతూ, సరైన మాస్కు పెట్టుకునే కొట్టాలి. పొద్దున్నే కాసేపు కొట్టి స్నానం చేసి సమావేశాలకు కూర్చునేవాణ్ణి. కనుబొమల్లో తెలుపు పోయేది కాదు. మా మేనేజరు ఒకసారి ఆరోగ్యం బాగుందా అని అడిగింది.

ఆ రోజుల్లోనే ఆఫీసులో ఉద్యోగాల కోతలు వచ్చాయి. నా కుర్చీ మిగిలింది, మా జట్టులోనే ఉన్న ఖమ్మం కుర్రాడిది పోయింది. 60 రోజుల లెక్క మొదలైంది. పగలంతా ఇంటర్వ్యూలు, సాయంత్రం మా పెరట్లోకి వచ్చేవాడు. "అన్నా, ఒక గంట కొట్టనివ్వు" అని సమ్మెట అందుకునేవాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. ముక్కలు బకెట్లకెత్తి మెట్ల మీదుగా పైకి చేర్చేవాళ్ళం, నాన్నగారు టీ తెచ్చేవారు. లోతువైపు అడుగు సగం అతను కొట్టిందే. గడువులోపే డాలస్‌లో ఉద్యోగం దొరికింది. పలకలు వేయడం చూడకుండానే వెళ్ళిపోయాడు.

పలకల పని ఓపికది. ఇంటి గోడకు ఒక పలక వెంట్రుకవాసి పైకి పోయినా ఎవరికీ కనిపించదు. ఇక్కడ నీరు నిండగానే వంకర ఎంతో చుట్టూ గీత గీసినట్టు బయటపడుతుంది. అందుకని రసమట్టంతో మూడుసార్లు సరిచూసి గానీ పలక అంటించలేదు. అంచు రాళ్ళకూ పెరటి గచ్చుకూ మధ్య సందులో సిమెంటు నింపకూడదు. రెండూ ఎండకు వేర్వేరుగా సాగుతాయి, కాబట్టి అక్కడ సాగే మైనం లాంటి పూడికే వేయాలి. మా పాత పలకలు రాలిపోవడానికి ముందున్నవాళ్ళు అక్కడ సిమెంటు పోయడమే కారణం. గొట్టాలు గోడలోంచి బయటికి వచ్చేచోట నీళ్ళలో కూడా గట్టిపడే సిమెంటు వాడాను.

అడుగున ఉన్న తూము మూతను మాత్రం తప్పక మార్చాలి. 2002లో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప వేడినీళ్ళ తొట్టిలో తూము లాగే ఒత్తిడికి అతుక్కుపోయి చనిపోయింది. 2007లో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది. అప్పటినుంచి అమ్మే మూతలు ఆ ప్రమాణానికి సరిపోవాలి. మాది అంతకు ముందు కాలంది, చదునైన మూత, ఒకటే తూము. పంపు కూడా పాతదే, ఒకే వేగంతో తిరిగేది. వేగం సగానికి తగ్గిస్తే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వేగం మార్చుకునే పంపు ఎందుకు కొనాలో ఇంట్లో ఒప్పించడానికి ఆ ఒక్క లెక్కే చాలింది. దీపమూ, కొలను చుట్టూ లోహాలన్నిటినీ కలిపే రాగి తీగా జోలికి నేను పోలేదు. నీళ్ళూ కరెంటూ కలిసేచోట లైసెన్సు ఉన్నవాడికే పని.

గచ్చు కూడా అంతే. ఇది నేర్చుకుని చేసే పని కాదు, చేతుల్లో ఉండాల్సిన పని. తెల్ల సిమెంటు కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది. కొలనంతా ఒకే ఊపులో పూర్తి కావాలి, ఆగితే అతుకు జన్మంతా కనిపిస్తుంది. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ జట్టు తెల్లవారకముందే దిగింది. మేకులున్న చెప్పులు, గుండ్రటి అంచుల తాపీలు. ఒకడు గొట్టంతో మాలు చిమ్ముతుంటే నలుగురు వెనకే సాపు చేస్తూ నడిచారు. పెద్దాయన ఎవరికీ గట్టిగా చెప్పలేదు. తాపీ అంచు గోడ మీద పలికే తీరు విని, తల తిప్పకుండానే ఫలానా చోట ఇంకోసారి అని చేత్తో చూపేవాడు. నాన్నగారు పొద్దుటినుంచీ కుర్చీ కదలలేదు. మా ఊళ్ళో తాపీ పనివాళ్ళు గేటు దగ్గరే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రోజు ఈ పెద్దాయనకు మా భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగి, పెరుగన్నం, ఆవకాయ తానే వడ్డించి, "తినండి మేస్త్రిగారూ" అన్నారు. ఆయన స్పానిష్‌లో ఏదో అని ఇంకో ముక్క ఆవకాయ అడిగాడు.

వాళ్ళు వెళ్ళగానే నీళ్ళు వదలాలి, మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆగినచోట వలయం పడుతుంది. గొట్టం మూతికి గుడ్డ చుట్టి లోతైన చోట పెట్టాం. నిండడానికి ఒక రాత్రీ ఒక పగలూ దాటింది. తరువాతి వారాలన్నీ పొద్దునా సాయంత్రమూ బ్రష్షుతో తోమడమే, కొత్త గచ్చు పొడి వదులుతూనే ఉంటుంది. పీహెచ్ పైకి పోతూనే ఉంటుంది, ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పోస్తూ 7.2కూ 7.8కూ మధ్య నిలపాలి. నీళ్ళను ఆమ్లంలో పోయకూడదని ఇంటర్‌లో చదివింది ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ఇప్పుడు పక్క ఊరు గిల్బర్ట్‌లో ఉండే మిత్రుడొకడు తన కొలను కూడా చేసిపెట్టమని, కూలి ఇస్తానని వెంటపడుతున్నాడు. నా వీసా మీద మా కంపెనీకి తప్ప ఇంకెవరికీ కూలికి పనిచేయకూడదు. అదీగాక అరిజోనాలో 1,000 డాలర్లు దాటిన పనికి కాంట్రాక్టరు లైసెన్సు ఉండాలి. కూలి లేకుండా, శనివారాలు, పగలగొట్టడం వరకే సాయం వస్తానన్నాను. వాళ్ళావిడ గుత్తివంకాయ చేస్తానంది. గచ్చుకు ఆ పెద్దాయన నంబరిచ్చాను. ఆయనకు జనవరి దాకా ఖాళీ లేదట, అందుకని అప్పటిదాకా నీళ్ళు తోడవద్దని చెప్పాను.