పరిచారము అనే మాట

మా పలమనేరు వైపు జనానికి ఆ ఊరు వెల్లూరు కాదు, రాయవేలూరు. ఎవరినైనా "రాయవేలూరికి తీసుకుపోయినారంట" అన్నారంటే జబ్బు ఇక్కడి వైద్యుల చెయ్యి దాటిపోయిందని అర్థం. 1982లో నేను రేకుపెట్టె పెట్టుకొని చిత్తూరులో బస్సెక్కితే, పక్కన కూర్చున్న పెద్దావిడ "ఎవురికి బాగలేదు పాపా?" అని అడిగింది. అక్కడి సి.ఎం.సి.లో, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, నర్సింగు చదువుకోవడానికి పోతున్నానంటే ఆమె నమ్మినట్లు నాకు తోచలేదు. అక్కడికి రోగులు పోతారు గాని, మన పిల్లలు చదువుకు కూడా పోతారని మా ఊళ్ళలో చాలామందికి అప్పటికి తెలియదు.

మా చర్చి అమెరికా మిషనరీల ఆర్కాట్ మిషన్ వారి కాలం నాటిది. ఆ మిషన్ కుటుంబంలోనే 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ గారు 1900లో వెల్లూరులో తండ్రి బంగళాలో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి, 1902లో 40 పడకల ఆస్పత్రిని నిలబెట్టి, 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించిన సంగతి ఆదివారపు బడిలోనే వినేవాళ్ళం. అదే సి.ఎం.సి.గా ఎదిగింది. 1946లో అక్కడ నర్సింగు డిగ్రీ మొదలైంది; దేశంలో ఆ డిగ్రీ తొలిసారి వచ్చింది ఆ సంవత్సరంలోనే. చర్చి పెద్దలు నన్ను సిఫార్సు చేసి పంపుతూ, చదువయ్యాక రెండేళ్ళు మిషన్ ఆస్పత్రిలో పనిచేస్తానని కాగితం రాయించుకున్నారు. తోటివాళ్ళలో కొందరికి ఆ షరతు బరువుగా ఉండేది. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్ళున్న నాకు మాత్రం, చదువు ముగియగానే ఉద్యోగం సిద్ధంగా ఉందన్న ధీమాగానే అది కనిపించిందని దాచుకోకుండా చెబుతాను.

మొదటి నెలలు మంచం సర్దడంతోనే గడిచిపోయాయి. దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి బిగించాలి. ముడత ఒక్కటి మిగిలినా లేవలేని రోగి వీపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. దిండు గలీబు తెరిచి ఉన్న కొస వార్డు తలుపు వైపు కనబడకూడదు. ఇదేం చాదస్తమని హాస్టల్లో నవ్వుకున్నాం గాని, ఈ రోజుకీ మా ఇంట్లో దిండు తిరగబడి ఉంటే నా చెయ్యి ఊరుకోదు. కదలలేని వారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, వీపుకు స్పిరిట్ రాసి, పౌడరు అద్దేవాళ్ళం. మొదటిసారి బెడ్‌పాన్ మోసిన రోజు రాత్రి నేను అన్నం తినలేదు. సంస్థ ఆదర్శవాక్యం ఇంగ్లీషులో గోడ మీద గంభీరంగా ఉండేది. తెలుగు బైబిలులో మార్కు సువార్త పదో అధ్యాయంలో అదే మాట "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును" అని ఉంటుంది. పరిచారిక అన్న మాట కూడా అందులోంచే వచ్చింది కదా అని ఆ రాత్రి తట్టింది. గోడ మీది వాక్యం చేతిలోని బెడ్‌పాన్ గురించే చెబుతోందని అర్థమయ్యాక కూడా ఆకలి వెంటనే రాలేదనుకోండి.

రెండో సంవత్సరంలో నాకు ఇంకొక పని తగులుకుంది. చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చే రోగుల మాట అరవ, మలయాళ సిస్టర్లకు పూర్తిగా అందేది కాదు. తెలుగు వచ్చిన విద్యార్థినిగా నన్ను పిలిచేవారు. ఆ పిలుపుతో నాకు కొంచెం గర్వం కూడా పుట్టింది. ఒకనాడు మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్య "మూడు దినాలుగా శానా వేడి చేసిందమ్మా" అంటే, నేను తడుముకోకుండా మూడు రోజులుగా జ్వరమని చెప్పేశాను. మా ట్యూటరు ఏమీ అనలేదు. మంచం కాళ్ళ దగ్గర వేలాడుతున్న చార్టు తీసి నా చేతిలో పెట్టారు. పొద్దుటి నుంచి చూసిన నాలుగుసార్లూ ఉష్ణోగ్రత 98.4 దాటలేదు. సిగ్గుపడి మళ్ళీ ఆమె దగ్గరికి పోయి, తెర లాగి, పక్కన ఉన్న మగవాళ్ళను బయటికి పంపి, నెమ్మదిగా అడిగితే, ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉందని అప్పుడు చెప్పింది. మన ఇళ్ళలో వేడి చేయడమంటే అదేనని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లీషులోకి తిప్పే తొందరలో మా అమ్మ మాటనే మరిచిపోయాను. మూత్ర పరీక్ష రాయించాక ట్యూటరు గారు నన్ను పక్కకు పిలిచి, ఆమె అన్నది ముందు అన్నట్టే చెప్పమన్నారు, నాకు అర్థమైనది తర్వాత చెప్పమన్నారు.

పల్లెల్లో ఇళ్ళ సందర్శనకు పోయినప్పుడు ఈ పాఠం ఇంకా అక్కరకొచ్చింది. అరుగు మీద వార్తాపత్రిక పరిచి, దాని మీదనే సంచి పెట్టి, ముందు సబ్బు తీసి, ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కొని, ఆ తర్వాతే సంచిలో చెయ్యి పెట్టాలి. ఆ చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ళ తెలుగులో సగం అరవం కలిసి ఉండేది. నీళ్ళు పోసే ఆ రెండు నిమిషాల్లో వాళ్ళు చెప్పుకున్నంత, పుస్తకం తెరిచి ప్రశ్నలడిగితే చెప్పేవారు కాదు.

1986లో మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా చేతికి వచ్చింది. ఒప్పుకున్న ప్రకారం రెండేళ్ళు పనిచేయడానికి మా జిల్లాలోని ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. ఓ.పి. రిజిస్టరులో బాధ రాసే గడిని నేను అడ్డగీతతో రెండుగా చేసి, పైన రోగి అన్న మాటను తెలుగులోనే రాసి, కింద ఇంగ్లీషు రాసేదాన్ని. కడుపులో దేవుతాంది, కాళ్ళు పీకుతాండాయి, గుండె జారినట్టుంది, ఇలా పేజీలకు పేజీలు ఉండేవి. తమిళనాడు నుంచి వచ్చిన డాక్టరు గారు మొదట్లో చోటు దండగని విసుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి, రోగి లోపలికి రాకముందే రిజిస్టరు నా వైపు తిప్పి, "పైన ఏం రాశావో ముందు చదువమ్మా" అనేవారు.