కాంట్రా పిచ్చోడికి ఏ హ్యాండ్‌హెల్డ్?

చిన్నప్పుడు కావలిలో మా మామ వాళ్ళింట్లో టీవీకి తగిలించే వీడియోగేమ్ ఉండేది, పసుప్పచ్చ క్యాసెట్టు తీసి ఉఫ్ ఉఫ్ అని ఊది పెడితేగానీ కాంట్రా వచ్చేది కాదు, ఆ పిచ్చి ఇప్పటికీ పోలా.

అందుకే రెట్రో హ్యాండ్‌హెల్డ్, అంటే చేత్తో పట్టుకుని పాత గేమ్‌లు ఆడుకునే బుల్లి మిషన్, కొందామని నెల రోజులు రివ్యూలు చూసి చూసి బుర్ర తిరిగిపోయింది రా సామీ. చివరికి అర్థమైంది ఏందంటే, ముందు మనం ఏ గేమ్‌లు ఆడతామో తేల్చుకోవాల. నాకు మారియో, కాంట్రా, కాస్త గేమ్‌బాయ్ అడ్వాన్స్, ఎప్పుడన్నా ప్లేస్టేషన్ 1, అంతే గదా! దానికి మియూ మినీ ప్లస్సో, యాన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ ప్లస్సో చాలు, రెండిట్లోనూ 3.5 అంగుళాల 640×480 పిక్సెళ్ళ స్క్రీనే. అనలాగ్ స్టిక్ (బొటనవేలితో ఎటంటే అటు తిప్పే పుల్ల) మాత్రం రెండిటికీ లేదు, అది వాడే పీఎస్‌పీ (సోనీ వాళ్ళ పాత హ్యాండ్‌హెల్డ్) గేమ్‌ల ఆశలుంటే వేరేది చూసుకోండి.

ఇంకో మెలిక స్క్రీన్‌ది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ బొమ్మ 240×160, అదే యాన్‌బెర్నిక్ వాళ్ళదే ఇంకోటి, ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ స్క్రీన్ 720×480, అంటే అడ్డంగానూ నిలువుగానూ సరిగ్గా మూడింతలు, పైనా కిందా నల్ల పట్టీలుండవు. కానీ నేను ఎక్కువ ఆడేది పాత టీవీ గేమ్‌లే, వాటికి పాత టీవీల్లాంటి 4:3 స్క్రీనే బాగుంటది, మియూదీ అదే.

మియూకే ఫిక్స్ అయ్యా. ఆనియన్ ఓఎస్ అని దానికోసం అభిమానులు చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, బ్యాటరీ మనమే ఊడదీసి మార్చుకోవచ్చు. దాంతోపాటొచ్చే మెమరీ కార్డుని మాత్రం నమ్మబాకండి, మా ఫ్రెండ్‌ది సేవ్‌లతో సహా పొయ్యింది, నేనైతే ముందే నెల్లూరు ట్రంక్ రోడ్డులో మంచి కార్డొకటి కొని పెట్టుకున్నా.