పెట్టెల్లో ఓట్లు, గాలిలో చేతులు

నిద్ర రావడం లేదు. ఎందుకో చెబితే మా ఆయన నవ్వుతారు. సాయంత్రం సంఘం సర్వసభ్య సమావేశంలో కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకున్నాం. ఎన్నుకోవడమంటే ఏమీ లేదు. వేదిక మీది పెద్దమనిషి కాగితం చూసి పేర్లు చదివి, "అందరికీ సమ్మతమేగా, చేతులెత్తండి" అన్నారు. అప్పటికే వెనక బల్లల మీద బిర్యానీ మూతలు తీసేశారు. ఆకలి మీదున్న హాలంతా చేతులెత్తింది. కోశాధికారి లెక్కలు చూపించడని ఏడాది పొడుగునా నా దగ్గర గొణిగిన మా ఆయన, ఆ కోశాధికారికే మళ్లీ చెయ్యెత్తారు. కారులో నిలదీస్తే, "ముందు వరసలో వాళ్లావిడ మనవైపే చూస్తుంటే ఎత్తకుండా ఎలా ఉంటాను?" అట. తలా ఒక చీటీ పంచితే ఎవరి సొమ్ము పోయేది? ఒక నోటుపుస్తకం చింపితే సరిపోయే పని.

దీనికి తోడు మా చిన్నబ్బాయి బడిలో వర్జీనియా చరిత్ర పాఠం. ఈ అమెరికా రాష్ట్రపు రాజధాని రిచ్‌మండ్‌లో కాపురముంటూ ఆ పాఠం తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. తొలి గవర్నరు ప్యాట్రిక్ హెన్రీని "ప్రజలు ఎన్నుకున్నారు" అని రాసుకొచ్చాడు. ప్రజలు ఎక్కడ ఎన్నుకున్నారు? 1776 జూన్ 29న విలియమ్స్‌బర్గ్‌లో కూర్చున్న ప్రతినిధులు చీటీలు వేశారు. హెన్రీకి 60, థామస్ నెల్సన్‌కు 45, జాన్ పేజ్‌కు ఒకటి. ఆ ఒక్క ఓటు వేసిన మహానుభావుడెవరో నాకు భలే కుతూహలం.

ఇకపై గవర్నరును ఏటా ఎలా ఎన్నుకోవాలో అదే రోజు ఆమోదించిన రాజ్యాంగంలో రాసుకున్నారు. ఉభయ సభలూ ఎవరి చోట వాళ్లు చీటీలు వేయాలి. పెట్టెలను ఉమ్మడి సమావేశపు గదికి చేర్చాలి. రెండు సభల నుంచీ వచ్చిన కమిటీ కలిసి వాటిని పరిశీలించి, ఎవరికెన్ని వచ్చాయో రెండు చోట్లా చెప్పాలి. ఒకపక్క ఇంగ్లండు రాజుతో యుద్ధం, అయినా పెట్టెలు ఏ గదికి చేరాలో కూడా మర్చిపోలేదు! రాజు పంపిన గవర్నరు డన్‌మోర్‌తో పడ్డ పాట్ల తర్వాత ఆ పదవంటేనే వాళ్లకు ఒళ్లు మంట. అందుకే పదవీకాలం ఒక్క ఏడాది. వరుసగా మూడేళ్లు దాటకూడదు, ఆపైన నాలుగేళ్లు అటువైపు చూడకూడదు. చట్టాన్ని అడ్డుకునే అధికారం లేదు. పైగా అదే పద్ధతిలో ఎన్నికైన ఎనిమిది మంది సలహామండలి పక్కనే కాపలా. మేరీల్యాండ్, న్యూజెర్సీ, రెండు కరోలినాలు కూడా ఇంచుమించు ఇదే దారి. వర్జీనియాలో గవర్నరును నేరుగా ఎన్నుకునే అవకాశం ఓటర్లకు 1851లో గాని రాలేదు.

చేతులెత్తడం అంటే నాకు నాన్న గుర్తొస్తారు. ఆయన వార్డు మెంబరుగా ఉన్నప్పటి ఉప సర్పంచ్ ఎన్నిక. పోటీ పడ్డవాళ్లలో ఒకరు అమ్మకు మేనమామ వరస, ఇంకొకరు పక్కింటి ఆయన. ఇద్దరికీ నాన్న "చూద్దాం లెండి" అనే చెప్పారు. పంచాయతీ ఆఫీసు కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలమంతా చూస్తున్నాం. అధికారి పక్కింటి ఆయన పేరు చదివినప్పుడు నాన్న బల్ల మీది కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. రెండో పేరుకు చెయ్యి లేచింది, అదీ చెవి దాకా వచ్చి ఆగింది. అధికారి పెన్సిలు చూపిస్తూ, "ఎత్తినట్టా, ఎత్తనట్టా?" అని అడిగాడు. అందరూ తిరిగి చూశారు. అప్పుడు పూర్తిగా ఎత్తారు. మర్నాటి నుంచి పక్కింటి పాలు బంద్. "నీ చుట్టరికం నా పాలు ఆపింది" అని నాన్న, "నేనేమైనా ఎత్తమన్నానా?" అని అమ్మ. ఆ ఎండాకాలమంతా మజ్జిగ కూడా కొనుక్కున్నాం.

ఇదంతా చీటీలే నయమని తేల్చడానికే మొదలుపెట్టాను. తీరా రాస్తుంటే మనసు ఎదురుతిరుగుతోంది. నాన్నను వార్డువాళ్లు పంపారు. ఆయన ఎవరికి వేశారో వాళ్లకు తెలియొద్దా? చీటీ అయితే ఇద్దరి దగ్గరా "మీకే వేశాను" అనేవారు, అనుమానం లేదు. వర్జీనియా ఓటరుకూ అదే గతి. అసలు భూమి ఉన్నవాడికే ఓటు, ఆ ఓటుతో గెలిచినవాడు పెట్టెలో ఏం వేశాడో ఆ రైతుకు తెలిసే దారి లేదు. అధికారమంతా సభ చేతిలో పెట్టడం, హెన్రీ తర్వాత గవర్నరైన థామస్ జెఫర్సన్‌కే నచ్చలేదు. సభల్లోని 173 మంది నిరంకుశులు ఒక్క నిరంకుశుడికేమీ తీసిపోరని తర్వాత రాశాడు.

పోనీ చేతులెత్తితే అంతా బయటపడుతుందా? మన మండల పరిషత్ అధ్యక్షుల ఎన్నికలు చూడలేదూ! క్యాంపు నుంచి బస్సులో దిగి, పార్టీ విప్ చెప్పిన పేరుకు లేపే చెయ్యి ఎవరిదనుకోవాలి? నాకైతే తేలడం లేదు.

చిన్నవాడికి మాత్రం 1781 జూన్ కథే నచ్చింది. జెఫర్సన్ ఏడాది గడువు ముగిసింది, శత్రు గుర్రపుదళం తరుముకొస్తోంది, చీటీలు వేయాల్సిన సభ్యులేమో కొండలు దాటి స్టాంటన్‌కు పరుగు. అక్కడ జూన్ 12న చిన్న థామస్ నెల్సన్‌ను (హెన్రీ చేతిలో ఓడిన నెల్సన్‌కు అన్న కొడుకు) ఎన్నుకునే దాకా, పది రోజులు రాష్ట్రానికి ఎన్నికైన గవర్నరే లేడు. "అప్పుడు బడికి సెలవా?" అని వాడి సందేహం.

నాకు నచ్చింది దానికి రెండేళ్ల ముందటి సంగతి. 1779లో జెఫర్సన్ రెండో విడత చీటీల్లో 67–61తో గెలిచి గవర్నరయ్యాడు. ఓడింది ఆ జాన్ పేజే, కాలేజీ నాటి స్నేహితుడు. తర్వాత ఇద్దరూ ఉత్తరాలు రాసుకుని మనసులు తేటపరుచుకున్నారు. 1802లో పేజ్ కూడా గవర్నరయ్యాడు. చేతులెత్తే పద్ధతే ఉండుంటే ఆ 61 మంది ఎవరో, 67 మంది ఎవరో ఇద్దరికీ పేరుపేరునా తెలిసేది. అప్పుడు ఉత్తరాలు రాసుకునేవారా?

నాన్నా పక్కింటి ఆయనా ఉత్తరాలు రాసుకునే రకం కాదు. మా అక్క పెళ్లికి పాలు తక్కువపడ్డాయని తెలిసి, ఆయన పిలవకుండానే రెండు బిందెలు పట్టించుకొచ్చి, పెరుగు ఎంతమందికి తోడుపెట్టాలో వంటవాళ్లతో గొడవేసుకున్నాడు. నాన్న ఆయన పక్షమే మాట్లాడారు.