ముప్పై రెండూ ఎందుకట!

"అన్నీ రికార్డు చెయ్యడం ఎందుకక్కా, మంచివి ఏ నాలుగో అయిదో ఏరుకుంటే పోలా?" అన్నాడు తమ్ముడు. వాడి సంగతి మీకు తెలుసుగా, పల్లవి అయ్యేలోపే తర్వాతి పాట నొక్కేసే రకం. అయినా ఆ మాట నిద్ర పట్టనివ్వట్లేదు.

వాడన్నది హావర్గల్ బ్రయన్ అనే ఇంగ్లండు స్వరకర్త సింఫనీల గురించే. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా, అదే పెద్ద వాద్యబృందం, వాయించే సంగీత రచన. ఆయన పేరెత్తితే చాలు, అందరూ 'గోథిక్' సింఫనీ ఎంత పెద్దది, ఎంతమంది పాడతారు అని తలకాయలు లెక్కపెడతారు. 1927లో పూర్తయిన ఆ సంగీతం 1961 దాకా కచేరీకే ఎక్కలేదన్న సంగతి ఎవరికీ పట్టదు. మొత్తం 32 సింఫనీలు. అందులో 21 ఎనభై దాటాక రాసినవే. చివరి వాటిలో కొన్ని నాకూ విసుగే. బాణీ కుదురుకునేలోపే తెంపేసి ఇంకోవైపు పరిగెడతాడు. తమ్ముడన్నది నిజమేనేమో అనిపించింది కాసేపు.

కానీ ఏరేది ఎవరు? ఆయన సింఫనీల్లో ఏదో ఒకటి లోకానికి మొదటిసారి వినబడింది 1954లో, బీబీసీ రేడియోలో; అది ఎనిమిదోది. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. అన్నాళ్లూ జరిగింది ఏరివేతే కదా, వినకుండానే!

అలాగని రికార్డు చేస్తే చాలా? ఇక్కడే నాకు మండుతుంది. ఆర్కెస్ట్రాకు ఆ కాగితాలు కొత్త. చేత్తో ఎత్తిరాసిన ప్రతుల్లో తప్పులు. ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా స్వరం షార్పా (అర మెట్టు పైకా) కాదా అని ఆగి చూసుకుంటుంటే స్టూడియో గడియారం ఆగదు. రెండు రిహార్సల్సు, ఒక టేకు, అయిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి దొరికేది ఆ ఒక్కటే. వాయించినవాళ్ల తడబాటు కూడా రాసినాయన ఖాతాలోకే పోతుంది. ఇంత హడావుడి 'సంపూర్ణం' కన్నా శ్రద్ధగా చేసిన నాలుగే నయమనిపిస్తుంది. మళ్లీ వాడి మాటకే వచ్చానా?

ఆయన సింఫనీలు మొదట డిస్కుకెక్కింది 1972లో. వాయించింది ఇంగ్లండులోని లెస్టర్‌షైర్ జిల్లా బడిపిల్లలు! పదోదీ ఇరవై ఒకటోదీ. ఆ పిల్లల్ని తలచుకుంటే మా స్కూలు బ్యాండు గుర్తొచ్చింది. నాది సైడ్ డ్రమ్ము. పేజీ నిండా ఖాళీలే; పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకోవడం, మధ్యలో రెండు దెబ్బలు, మళ్లీ లెక్క. "ఇది ఎలా ఉంటుంది సార్?" అని అడిగితే, "నేనూ వినలేదమ్మా, మీరు వాయిస్తే తెలుస్తుంది" అన్నారు. పక్క గదిలో విడిగా సాధన చేస్తున్న ఫ్లూట్లవాళ్లు వచ్చి కలిసిన రోజున, నా రెండు దెబ్బల మీద ఒక పాట నిలబడింది. బిత్తరపోయి తర్వాతి దెబ్బ మర్చిపోయాను. సార్ ఏమీ అనలేదు, ఆయనా వింటూ ఉండిపోయారు.

ఆ లెస్టర్‌షైర్ పిల్లలూ విని అనుకరించడానికి అంతకుముందు రికార్డంటూ ఏదీ లేకుండా వాయించినవాళ్లే. వాళ్ల రికార్డులో వయొలిన్ల వంటి తీగ వాద్యాల నాదం అక్కడక్కడా పలచబడుతుంది, పడనీ. ఆ పదోది ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. రేపు తమ్ముడి ఫోను లాక్కుని వినిపిస్తా.