రొయ్యల గుంట గట్టున స్టీరియోల్యాబ్

ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. రాత్రి కాపలా నా వంతుకు వచ్చినప్పుడు గట్టు మీది షెడ్డులో కూర్చుని, ఏరేటర్ల రెక్కలు నీటిని కొడుతున్న చప్పుడు వింటూ ఉంటాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది గనుక ఆ చప్పుడు ఆగకూడదు. ఆగితే ఎంత గాఢనిద్రలో ఉన్నా మెలకువ వచ్చేస్తుంది. లండన్‌కు చెందిన స్టీరియోల్యాబ్ బృందం పాటలు నాకు అర్థమైంది ఈ షెడ్డులోనే.

వారి లయకు పుట్టిల్లు జర్మనీ. 1971లో డ్యూసెల్‌డార్ఫ్‌లో క్లాస్ డింగర్, మైఖేల్ రోథర్ నోయ్ అనే బృందాన్ని ప్రారంభించారు. అమెరికన్ బ్లూస్ సంగీతాన్ని పక్కనపెట్టి సొంత దారి వెతుక్కుంటున్న అక్కడి యువకుల సంగీతాన్నంతా బ్రిటిష్ పత్రికలు గంపగుత్తగా, కాస్త వెటకారంగా, క్రౌట్‌రాక్ అన్నాయి ('క్రౌట్' అంటే జర్మన్లను ఎగతాళిగా పిలిచే మాట). డింగర్ డ్రమ్ముల మీద పట్టిన చతురశ్ర (నాలుగు దెబ్బల) నడకకు మోటారిక్ అన్న పేరు స్థిరపడింది కానీ, ఆ పేరు ఆయనకు నచ్చేది కాదు. మృదంగంలో తీర్మానం వేసి ఒక ఘట్టాన్ని ముగించినట్టు ఆ నడకలో ముగింపు కనబడదు. 1972 నాటి నోయ్ తొలి ఆల్బంలోని మొదటి పాట దాదాపు పది నిమిషాలు అలా సాగుతూనే ఉంటుంది.

మెకార్తీ అనే బృందంలో గిటార్ వాయించిన టిమ్ గేన్, ఫ్రాన్స్ నుంచి లండన్ వచ్చిన లెటీషియా సాడియేతో కలిసి 1990లో స్టీరియోల్యాబ్‌ను స్థాపించి, ఈ నడకనే అందిపుచ్చుకున్నాడు. దాని మీద పాత ఆర్గన్ల రొద, మూగ్ అనే కంపెనీ సింథసైజర్ల (ఎలక్ట్రానిక్ వాద్యాల) గరగరలు, ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ తొణకని సాడియే గొంతు వచ్చి చేరాయి. 1993 నాటి ఆల్బంలో పద్ధెనిమిది నిమిషాల పాట ఒకటుంది. ఒకసారి దాన్ని ఫోన్ స్పీకరులో పెట్టి వింటుంటే, పక్క గుంటకు మేత వేయడానికి వచ్చిన పెదనాన్న కాసేపు నిలబడి, "ఏంది అబ్బయా, పాట ఆడనే ఇరుక్కుపోయిందా?" అని అడిగాడు. నిజానికి తాళమొక్కటే కదలకుండా ఉంటుంది. దాని మీద మిగతావన్నీ మారిపోతూ ఉంటాయి. 1994లో వచ్చిన మరో పాట ఆర్థిక మాంద్యాలు, యుద్ధాలు, కోలుకోవడాలు చక్రంలా తిరగడాన్ని గురించినది. రొయ్యల ధరలను నమ్ముకున్నవాడికి దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

1996లో 'ఎంపరర్ టొమాటో కెచప్' వచ్చింది. 1997లో 'డాట్స్ అండ్ లూప్స్'ను కొంత షికాగోలోనూ, కొంత నోయ్ పుట్టిన డ్యూసెల్‌డార్ఫ్‌లోనూ రికార్డు చేశారు. జర్మన్ నడక తగ్గి, బ్రెజిల్ బాణీలు, జాజ్ పెరిగింది అప్పుడే. ఆ దశనే గొప్పగా చెప్పుకునేవారు చాలామంది ఉన్నారు; నాకు మాత్రం అందులో పనితనం ఎక్కువై, ప్రయాణం తగ్గినట్టు అనిపిస్తుంది.

1992లో చేరిన ఆస్ట్రేలియన్ గాయని మేరీ హాన్సెన్‌ను గురించి ఆగి చెప్పాలి. సాడియే ఒక వరుస పాడుతుంటే, హాన్సెన్ మాటలు లేని మరో వరుసను దాని పక్కనే నడిపించేది. ఆ రెండు గొంతుల అల్లికే ఈ బృందానికి గుర్తు. 2002 డిసెంబరులో లండన్‌లో సైకిల్ మీద వెళ్తుండగా లారీ ఢీకొని ఆమె మరణించింది. 2004లో వచ్చిన 'మార్జరిన్ ఎక్లిప్స్'లో ఆమె జ్ఞాపకార్థం ఒక పాట ఉంది. ఆ ఆల్బంలో ఎడమ స్పీకరుకు ఒక మిశ్రమం, కుడి స్పీకరుకు మరొకటి వేర్వేరుగా కూర్చారు. అప్పట్లో నా ఇయర్‌ఫోన్లలో ఒకటి ఉప్పుగాలికి చెడిపోయి ఉండటంతో, ఎన్నో రాత్రులు సగం ఆల్బమే విని అదే మొత్తం అనుకున్నాను. కొత్తవి కొన్న రోజున రెండో చెవిలో మిగిలిన సగం వినిపించినప్పుడు, ముందుగా హాన్సెనే గుర్తుకొచ్చింది.

2009లో విరామం ప్రకటించి, 2010లో మిగిలిన పాటలతో ఒక ఆల్బం వేసి మౌనం వహించారు. 2019లో మళ్లీ వేదికలెక్కారు. ఆపై 2025 మే నెలలో, పదిహేనేళ్ల తర్వాత, కొత్త ఆల్బం విడుదల చేశారు. దాన్ని మొదటిసారి షెడ్డులోనే విన్నాను. మధ్యలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. ఫోన్‌లో పాట సాగుతుండగానే టార్చి పట్టుకుని జనరేటర్ వైపు పరిగెత్తాను.