కూత నాది, లెక్క నాది కాదనుకున్నాను

2024 మార్చిలో ఒక మధ్యాహ్నం ఒడిశా రాయగడలో మా ఇంటికి స్పీడ్‌పోస్టు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నాన్న. నేను గ్రౌండు నుంచి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చింపిన కవరు ఒళ్ళో ఉంది.

"ఏటిరా ఇది? ఇన్‌కంటాక్సోలంట. నువ్వేటి సేసినావు?"

నాన్న పేపరు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. సర్కారు కాగితం ఆయనకి ఎప్పుడొచ్చినా ఒరియాలోనే వచ్చేది, ఇదేమో ఇంగ్లీషు. అందులో ఆయనకి అర్థమైనవి రెండే: నా పేరు, 11 లక్షలు అనే అంకె. 2021-22 ఆర్థిక సంవత్సరంలో నా ఆదాయంలో 11 లక్షలు పన్ను పడకుండా తప్పించుకుందని తమకు సమాచారం ఉందనీ, ఆ ఏడాది లెక్క మళ్ళీ ఎందుకు తెరవకూడదో చెప్పమనీ దాని సారాంశం. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 148ఏ కింద ఇచ్చిన నోటీసది. మామూలు మాటల్లో చెప్పాలంటే పన్ను ఎగవేత అనుమానం.

నేను కబడ్డీ ఆటగాణ్ణి. సంక్రాంతికి మా వైపు ఊళ్ళలో పెట్టే చెడుగుడు పోటీల్లో కూతకెళ్ళి, అక్కణ్ణించి జిల్లా, రాష్ట్రం, చివరికి ప్రొ కబడ్డీ దాకా వెళ్ళాను. ఎనిమిదో సీజను 2021 డిసెంబరులో మొదలై 2022 ఫిబ్రవరి దాకా కరోనా వల్ల ఒక్క బెంగళూరులోనే జరిగింది. హోటలు గది, మ్యాటు, మళ్ళీ హోటలు గది. ఆ సీజనుకు నా కాంట్రాక్టు 14 లక్షలు. అందులో పది శాతం, అంటే 1,40,000, టీడీఎస్ కింద (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా కోసి సర్కారుకి కట్టే పన్ను) కోసి మిగతాది ఖాతాలో వేశారు. మార్చిలో ఒక ప్రకటన షూటింగుకి ఇంకో 2 లక్షలు వచ్చాయి. దాంట్లోనూ 20,000 కోశారు. కోశారు కదా, ఇంక సర్కారుకి నేనివ్వాల్సింది లేదనుకున్నాను. నా తప్పు అక్కడ మొదలైంది.

ఆ జూలైలో మా టౌన్లో రిటర్నులు వేసే ఒకతని దగ్గరికి వెళ్ళాను. పేరు చెప్పను. "కోసిందంతా వెనక్కి రప్పిస్తాను, వచ్చినదాంట్లో పదిహేను శాతం నాకియ్యి" అన్నాడు. నేను కాంట్రాక్టు కాగితం ఇచ్చాను, ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పాను. షూటింగు డబ్బు సంగతి చెప్పనే లేదు, దాని లెక్క తీరిపోయిందన్న భ్రమలో. సెప్టెంబరులో 1,40,000 నా ఖాతాలో పడ్డాయి. అతనికి 21,000 ఫోన్‌పే చేశాను. అమ్మకి చీర, నాన్నకి కళ్ళజోడు కొన్నాను. ఆ డబ్బు నాది కాదన్న అనుమానం రాలేదు.

నోటీసు వచ్చిన రాత్రి ఇన్‌కంటాక్సు పోర్టల్ తెరవబోతే పాస్‌వర్డ్ లేదు. ఆధార్ ఓటీపీతో మార్చుకుని లోపలికెళితే నా ప్రొఫైల్లో ఉన్న ఈమెయిలు అతనిది, ఫోను నంబరూ అతనిదే. అంతకుముందు వచ్చిన మెయిళ్ళన్నీ అతనికే పోయాయి. రిటర్ను పీడీఎఫ్ దించి ఒక్కో వరుసా చదివాను. 80సీ కింద, అంటే బీమా, పొదుపుల మినహాయింపు కింద, లక్షన్నర. నిజంగా నేను కట్టిన ఎల్‌ఐసీ 24,000. చదువు అప్పు మీద వడ్డీ లక్ష, నేను డిగ్రీ పూర్తిచేసిందే లేదు. ఆ కింద 80జీజీసీ, రాజకీయ పార్టీకి విరాళం, 6,50,000. ఆ పార్టీ పేరు నేనెప్పుడూ వినలేదు. ఇవన్నీ తీసేస్తే ఆదాయం సరిగ్గా 5 లక్షలకు దిగింది. అక్కడికి పన్ను సున్నా. ఆ అంకె అంత సరిగ్గా కుదిరిందంటే ముందు సున్నా రాసుకుని వెనక్కి లెక్క కట్టాడన్నమాట. చివర్లో ‘ఇందులో చెప్పినదంతా సత్యం’ అన్న వాక్యం, దాని కింద నా పేరు.

తెల్లారి అతని షాపుకి వెళితే తాళం. అన్నదమ్ములు వెతుకుదామన్నారు, నాకూ ఆవేశమొచ్చింది. జవాబుకి గడువు తక్కువుంది, అతణ్ణి వెతుకుతూ కూర్చుంటే అదీ పోయేది. స్టేషన్లో ఫిర్యాదు మాత్రం రాసిచ్చి, రైలెక్కి పార్వతీపురంలో ఒక ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా కథంతా విని మొదట అడిగింది ఒకటే. "తమ్ముడూ, ఓటీపీ ఎవరు చెప్పారు?"

"నేనేనండి."

"అయితే ‘నాకు తెలీదు’ అన్న మాటతో మనం గట్టెక్కం" అన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ సంగతి చెప్పారు. 2007 నుంచి 2009 దాకా తన పేరు, బొమ్మ వాడుకున్నందుకు వచ్చిన ఆదాయం మీద 41 లక్షల యూరోల పన్ను ఎగ్గొట్టాడని 2016లో బార్సిలోనా కోర్టు అతనికి 21 నెలల శిక్ష వేసింది. నేను ఆడుకునేవాణ్ణి, లెక్కలు నాన్న చూసేవాడు అన్నాడు మెస్సీ. కోర్టు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది పైకోర్టూ శిక్షని నిలబెట్టింది, తర్వాత అది జరిమానాగా మారింది. అంతటివాడి మాటే చెల్లనప్పుడు నాదేం చెల్లుతుందని గుండె జారిపోయింది.

ఆటగాడికిచ్చేది జీతం కాదనీ, వృత్తి ఫీజనీ ఆయన చెప్పాకే తెలిసింది. 2008లోనే క్రీడాకారుల్ని వృత్తి ఫీజుల మీద టీడీఎస్ కోసే సెక్షన్ కిందికి తెచ్చారట. పది శాతం కోత ముందస్తు జమ మాత్రమే. 30 శాతం శ్లాబులో పడ్డవాడు మిగతాది తనే కట్టుకోవాలి. నా కాంట్రాక్టు తీసి చూస్తే పన్ను బాధ్యత ఆటగాడిదేనని రాసే ఉంది, కింద నా పొట్టి సంతకంతో. మోకాలికి దెబ్బ తగిలితే ఎన్ని మ్యాచ్‌ల డబ్బు వస్తుందో రాసిన పేజీ మాత్రం సంతకం పెట్టిన రోజు మూడుసార్లు చదివాను.

దొంగ మినహాయింపులు ఒక్కటీ సమర్థించొద్దనుకున్నాం. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటూ జవాబిచ్చాం. ఏప్రిల్‌లో 148 నోటీసు, అంటే ఆ ఏడాది లెక్క మళ్ళీ తెరుస్తున్నామన్న నోటీసు వచ్చింది, దానికి నిజమైన రిటర్ను వేశాం. నా బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని ప్రతి జమ పక్కన అది ఎక్కడిదో రాయమన్నారు ఆడిటరు గారు. రెండు రోజులు పట్టింది. పిన్ని పంపిన 3,000 పక్కన కూడా ‘పిన్ని, గుణుపురం, సంక్రాంతి ఖర్చు’ అని రాశాను. ఫిజియోకీ, గుడ్లకీ, మాంసానికీ పెట్టిన ఖర్చుకి బిల్లుల్లేవు కాబట్టి అది అడగలేదు. నాకు ఇప్పటికీ కష్టమనిపించేది అదే. ఆటగాడి ఒళ్ళే అతని పెట్టుబడి, దానికి పెట్టినదానికి కాగితం దాచాలని ఏ కోచ్ చెబుతాడు?

ఏడాది గడిచింది. ప్రశ్నలు పోర్టల్లో వచ్చేవి, జవాబులు పోర్టల్లోనే. అధికారి మొహం చూడలేదు. ఊళ్ళోవాళ్ళ మొహాలు మాత్రం రోజూ చూడాల్సొచ్చింది. "లచ్చలు మింగీసినాడంట" అన్న మాట కిళ్ళీ కొట్టు దగ్గర నా చెవిన పడ్డ రోజు నాన్న అన్నం తినలేదు.

2025 మార్చిలో ఆర్డరొచ్చింది. ఆదాయం 15,76,000. పన్ను సెస్సుతో 2,96,712. కోసిన 1,60,000 పోగా, నేను తప్పుగా తీసుకున్న రిఫండు కలిపితే కట్టాల్సింది 2,76,712, వడ్డీలు వేరే. అమ్మ బంగారం కుదువపెట్టి కట్టాం.

తర్వాత పెనాల్టీ. ఆదాయం తక్కువ చూపితే పన్నులో సగం, తప్పుడు వివరాలిస్తే రెండింతలు. నాకు రెండింతలే వేశారు: 5,93,424. ఆ అంకె చూసి చాలాసేపు లేవలేకపోయాను. అక్టోబరులో అప్పీలు వేశాం. ప్రొఫైల్లో ఉన్న అతని ఈమెయిలు, 21,000 ఫోన్‌పే రసీదు, స్టేషన్ ఫిర్యాదు జతచేశాం. తక్కువ చూపిన తప్పు నాది, ఒప్పుకుంటాను. పార్టీ విరాళం అబద్ధం నేనల్లింది కాదు. ఈ రెంటికీ తేడా ఉందని ఎవరో ఒకరు రాసివ్వాలని నా ఆశ. వసూలు ఆపమని అడగడానికి అయిదో వంతు, 1,18,685 ముందుగా కట్టాం.

ఇప్పుడు ఈమెయిలు నాది, ఫోను నంబరు నాది. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి పదిహేనో తేదీలకి మా ఆవిడ క్యాలెండరులో ఎర్ర సున్నాలు చుట్టింది, అడ్వాన్సు టాక్సు కట్టే రోజులవి. నాన్న ప్రతి సాయంత్రం "ఏటేనా వచ్చిందేటిరా?" అంటాడు. పోర్టల్ తెరిచి చూస్తాను. అప్పీలు ఇంకా పెండింగ్.